సారు చెప్పారు, నేను కొట్టాను

కావలిలో ఈ సాయంత్రం ఇక్కడికొచ్చిన పెద్దలకు, కాలేజీ పిల్లలకు నమస్కారం.

ఆరో తరగతిలో నేను క్లాస్ లీడర్‌ని. ఎక్కాలు అప్పజెప్పలేకపోయిన మా పక్కింటి పిల్లవాణ్ణి కొట్టమని సారు చింతబరికె నా చేతికిచ్చారు. మెల్లగా వేశాను. "గట్టిగా వెయ్యరా" అన్నారు. వేశాను. వాడి పిక్కల మీద వాతలు తేలాయి. నన్ను కొడతానని సారు బెదిరించలేదు. ఊరికే చెప్పారు, అంతే. సాయంత్రం వాడు నాతో రాకుండా చెరువుకట్ట మీదుగా చుట్టు తిరిగి ఇంటికెళ్ళాడు. "సారు చెప్పారు కదా, నేనేం చేసేది" అని చాలా ఏళ్ళు సర్దిచెప్పుకున్నాను.

సరిగ్గా ఈ మాటనే 1961లో అమెరికాలో, యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షకు పెట్టాడు. గోడవతల మనిషి జవాబు తప్పు చెప్పినప్పుడల్లా అతనికి షాక్ కొట్టే స్విచ్ నొక్కాలి, 15 వోల్టుల నుంచి 450 దాకా. నిజంగా షాక్ తగలదు. నొక్కేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. 300 దగ్గర అవతలి మనిషి గోడ బాదాడు. కాసేపటికి ఆ చప్పుడూ ఆగిపోయింది. అయినా 40 మందిలో 26 మంది చివరిదాకా నొక్కారు. వాళ్ళు రాక్షసులు కారు. చెమటలు పట్టి వణికారు, కొందరు టెన్షన్ తట్టుకోలేక నవ్వారు. పక్కన ప్రయోగం నడిపే కోటు వేసుకున్నాయన "ఆపకూడదు, కానివ్వండి" అంటున్నాడు. బాధ్యత ఆయనదే అనుకున్నారు.

ఇంకో విడతలో, స్విచ్ వేరేవాళ్ళు నొక్కుతారు, మీరు పక్క పని చేస్తే చాలన్నప్పుడు 40కి 37 మంది చివరిదాకా ఉన్నారు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఈ లెక్కే. ఆఫీసుల్లో సంతకాలు పెట్టే మనందరం ఆ 37 మందిలో ఉన్నాం.

అదే, మరో విడతలో తోటివాళ్ళు ఇద్దరు "మేం చెయ్యం" అని లేచిపోయినప్పుడు చివరిదాకా నొక్కింది 40 మందిలో నలుగురే.

ఈ సంగతి మన నెల్లూరు జిల్లాకు కొత్త కాదు. సారా అమ్మకాలకు వేలంపాటలు పెట్టింది ప్రభుత్వమే. దూబగుంటలో రోసమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళను చూసి పక్క ఊరు లేచింది, ఆపైన జిల్లా లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది.

ఆ రోజు మా క్లాసులో ఒక్కరు "వద్దు సార్" అనుంటే నేను బరికె కింద పెట్టేవాణ్ణేమో. ఎవరూ అనలేదు. మొదట అనాల్సింది నేనే, బరికె నా చేతిలోనే ఉంది.

కిందటి సంక్రాంతికి వాళ్ళింటికెళ్ళి, గుర్తుందా అని అడిగాను. "ఏడు దెబ్బలు రా" అన్నాడు. "మొదటి రెండూ మెల్లగానే వేశావు."