అరవయ్యో సెకను దగ్గర అతుకు: ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’

మాధవి: ఈసారి ఎపిసోడ్ మొత్తం ఒక్క అతుకు మీదే. బీటిల్స్ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’, 1967 ఫిబ్రవరిలో వచ్చిన సింగిల్. వినడానికి ఒకే పాట, లోపల మాత్రం రెండు వేర్వేరు రికార్డింగులు.

అనిల్: అవునండీ. 1966 నవంబరు 24న లండన్ అబ్బే రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో మొదలుపెట్టారు. టేక్ 7, అంటే ఏడోసారి పాడి రికార్డు చేసింది, మెత్తగా సాగుతుంది. మెలోట్రాన్ (టేపు మీది ధ్వనులను వాయించే కీబోర్డు) మీద ఫ్లూటు ధ్వని, గిటారు, డ్రమ్స్ వంటివే. పాట రాసి పాడిన జాన్ లెనన్‌కి అది చాలలేదు. డిసెంబరులో మళ్ళీ చేశారు. ఈసారి నిర్మాత జార్జ్ మార్టిన్ నాలుగు ట్రంపెట్లకూ మూడు చెల్లోలకూ (పెద్ద వయొలిన్ లాంటివి) స్వరాలు రాశారు. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ స్వరమండల్ మీటారు, మన హిందుస్తానీ గాయకులు ఒళ్ళో పెట్టుకునేదే. అది టేక్ 26. నడక వేగం, శ్రుతీ ఎక్కువే.

మాధవి: తీరా చూస్తే లెనన్‌కి దాని మొదలూ కావాలి, దీని చివరా కావాలి!

అనిల్: మార్టిన్ కుదరదనే అన్నారు. శ్రుతిలో దాదాపు ఒక స్వరస్థానం (హార్మోనియంలో పక్క మెట్టు) తేడా, నడక కూడా వేరు. కానీ టేపు వేగం తగ్గిస్తే శ్రుతి, నడక రెండూ కలిసే దిగుతాయి. ఒక స్వరస్థానం దిగాలంటే వేగం సుమారు 5.6 శాతం తగ్గాలి. అంటే నిమిషానికి 120 దెబ్బల పాట 113 దగ్గరికి వస్తుంది. వేగంగా ఉన్న టేకే పై శ్రుతిలో కూడా ఉండటం అదృష్టం. అది కింది శ్రుతిలో ఉండి ఉంటే, ఒకటి సరిచేసేకొద్దీ రెండోది ఇంకా దూరమయ్యేది.

మాధవి: కోత సంగతి చెప్పండి. నాకు అదే అసలు పనితనం అనిపిస్తుంది.

అనిల్: డిసెంబరు 22న ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్, మార్టిన్ కలిసి చేశారు. మామూలుగా టేపును 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తారు. సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిచే పావు అంగుళం టేపు మీద ఆ అతుకు సెకనులో 60వ వంతు. ఎమెరిక్ ఇంకా వాలుగా కోశారు, ఒకటి కరుగుతూ ఇంకొకటి లేచేలా. మరీ వాలు ఎక్కువైతే రెండు డ్రమ్ముల దెబ్బలు జంటగా వినబడతాయి. నిటారుగా కోస్తే టక్కుమంటుంది.

మాధవి: ఎక్కడ వినాలి?

అనిల్: హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిమిషం దగ్గర, పల్లవి రెండోసారి వచ్చేటప్పుడు, వాక్యం మధ్యలోనే. చెల్లోలు దిగుతాయి, డ్రమ్ము బరువెక్కుతుంది. గొంతు గమనించండి. టేపు నిదానించినందువల్ల లెనన్ స్వరం కాస్త మందంగా, మగతగా మారుతుంది. మిగతా పాటకు ఆ మత్తు అక్కడి నుంచే వచ్చింది. అతుకు కోసం చేసిన పని పాటకే రంగు పూసింది.

మాధవి: ఇంట్లో ఇలా చేయాలనుకునేవాళ్ళకి?

అనిల్: సాఫ్ట్‌వేర్‌లో టెంపో మాత్రమే మార్చే ఎఫెక్టు వాడకండి, అది శ్రుతిని కదలనివ్వదు. స్పీడ్, పిచ్ కలిపి మార్చేది వాడండి. ముందు శ్రుతి కలపండి, ఆ తర్వాతే నడక చూడండి. కొద్ది తేడా మిగిలితే కోత చోటు మార్చి చూడండి. సాగదీసిన అచ్చు మీద కోయొద్దు, శ్రుతి జారడం దొరికిపోతుంది. డ్రమ్ము దెబ్బకు రవ్వంత ముందు కోసి, 15 నుంచి 30 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరగడం) ఇవ్వండి. డ్రమ్స్‌తో ఉండే సింబల్స్ మోత ఇంకా మోగుతున్న చోట మాత్రం వద్దు, తోక తెగినట్టు వినబడుతుంది.