చెరువు నీళ్లు బాగున్నాయా? ముందు ఎన్ని గంటలకు చూశారో చెప్పండి

నమస్కారం. సెన్సర్ల డేటాతో చెరువు పాఠం ఎలా చెప్పాలో టీచర్లకు చెప్పే వీడియో ఇది. "చెరువు నీళ్లు టెస్టుకు పంపించినాం సార్, రిపోర్టు బాగానే వచ్చింది." మా అనంతపురం వైపు బడుల్లో సైన్స్ ప్రాజెక్టులు చూడటానికి వెళ్తే ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. నేను వెంటనే అడుగుతాను: ఆ నీళ్లు ఎన్ని గంటలకు పట్టారు? జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. పొద్దున పదకొండు. బడి మొదలై, అటెండెన్స్ అయ్యి, ఆటో మాట్లాడుకుని చెరువు కట్ట మీదికి చేరేసరికి అంత టైం అవుతుంది మరి. సీసా ముంచుతారు, పీహెచ్ పేపర్ పెడతారు, చార్టు మీద "నీటి నాణ్యత: మంచిది" అని రాసేస్తారు. పిల్లల తప్పేమీ లేదు. మనం నేర్పిందే అది.

పదకొండు గంటలకు సీసా ముంచడం అంటే పెళ్లిచూపులకు వెళ్లి రావడమే. ఇల్లు కడిగి ఉంటుంది. అందరూ మంచి బట్టల్లో ఉంటారు. ప్లేట్లో స్వీటు, కారా వస్తాయి. అరగంట కూర్చుని "మంచి కుటుంబం" అనుకుంటూ లేచి వస్తాం. ఆ ఇంట్లో రాత్రిపూట ఎలా ఉంటుందో, నెలాఖరున ఎలా గడుస్తుందో తెలియాలంటే కాపురం చేయాలి. చెరువుతో కాపురం చేసేది నీళ్లలో వదిలేసిన సెన్సర్, అంటే తనంతట తానే కొలిచి రాసుకునే పరికరం. పగలూ రాత్రీ, ఎండలో వానలో, ఏళ్ల తరబడి.

(తెర మీద: రెండు రోజుల ఆక్సిజన్ గ్రాఫ్)

ఈ గీత చూడండి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ ఇది. పొద్దున్నుంచి పెరుగుతూ పోయి, సాయంత్రానికి శిఖరం చేరి, రాత్రంతా దిగుతూ, సూర్యుడు రాకముందు అట్టడుగుకు చేరుతుంది. కిరణజన్య సంయోగక్రియ గురించి మీకు చెప్పక్కర్లేదు. పగలు నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి తయారీ ఆగుతుంది, పీల్చుకోవడం మాత్రం ఆగదు. నాచు, చేపలు, అడుగు బురదలోని బాక్టీరియా, అన్నీ పీల్చుకుంటూనే ఉంటాయి. నీళ్లు ఎంత పచ్చగా ఉంటే ఈ గీత అంత ఎత్తుకు లేచి అంత లోతుకు పడుతుంది. చెరువులో వల వేసేవాళ్లను అడగండి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయని వాళ్లు ఏ గ్రాఫూ లేకుండానే చెబుతారు. వాళ్లను ఒకసారి క్లాసుకు పిలవండి అని నేను టీచర్లందరికీ చెబుతుంటాను.

ఇప్పుడు లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. సాయంత్రం లీటరుకు 12 మిల్లీగ్రాములు, తెల్లవారుజామున 2. రోజు సగటు తీస్తే సుమారు 7 వస్తుంది. చూడటానికి చక్కటి అంకె! కానీ చేప బతికేది సగటులో కాదు, ఆ రెండు మిల్లీగ్రాముల గంటలో. పెళ్లిచూపుల్లో మధ్యవర్తి ఉంటాడు చూడండి, కోపాన్నీ శాంతాన్నీ కలిపేసి "మొత్తమ్మీద మంచివాడే" అంటాడు. సగటు చేసే పని అదే.

పిల్లలు ఇక్కడే ఇంకో మాట అంటారు. "సార్, 30 డిగ్రీల నీళ్లలో 7.5 మిల్లీగ్రాములే కరుగుతుందని పుస్తకంలో ఉంది. 12 ఎలా వస్తుంది? సెన్సర్ చెడిపోయింది సార్." ఈ ప్రశ్న వస్తే మీ పాఠం సగం అయిపోయినట్టే. పుస్తకంలోని అంకె గాలితో సమతూకంలో ఉన్న నీళ్లది. నాచు ఎండలో పరుగెత్తి పని చేస్తుంటే, అది తయారు చేసినంత వేగంగా ఆక్సిజన్ గాలిలోకి పోలేదు. అందుకే పుస్తకంలోని అంకెను వంద శాతం అనుకుంటే, దాన్ని దాటిపోతుంది. ఈ జవాబు వెంటనే చెప్పేయకండి. పిల్లలు ఒక రోజు దాంతో కుస్తీ పట్టనివ్వండి.

మరి ఏళ్ల తరబడి సాగే అంత పొడుగు డేటా ఎక్కడిది? అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ నగరం పక్కన మెండోటా అనే సరస్సు ఉంది. లోతు సుమారు 25 మీటర్లు. అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు 2006 నుంచి అందులో సెన్సర్లు కట్టిన బోయాను, అంటే నీళ్ల మీద తేలే తెప్పలాంటిదాన్ని, వదులుతున్నారు. రకరకాల లోతుల్లో ఉష్ణోగ్రత, ఆక్సిజన్, నాచు రంగు, పైన గాలి వేగం, అన్నీ నమోదవుతాయి. డేటా అందరికీ ఉచితం. ఇలాంటి సరస్సులను కలిపే గ్లియాన్ అనే ప్రపంచ నెట్‌వర్క్ 2005లో మొదలైంది. ఈ డేటాతో పాఠాలు తయారు చేసే ప్రాజెక్ట్ ఎడ్డీ అనేది కూడా ఉంది.

నేను చెప్పే పద్ధతిలో ఒకే ఒక్క నియమం ఉంది. గ్రాఫ్ చూపించే ముందు ఖాళీ కాగితం ఇవ్వండి. కింద గంటలు, పక్కన ఆక్సిజన్. "గీత ఎలా ఉంటుందో పెన్సిల్‌తో గీయండి." ఒకరు తిన్నగా గీస్తారు. ఒకరు మధ్యాహ్నం ఎండకు నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గుతుందని గీస్తారు, అదీ తెలివైన ఆలోచనే. ఆ తర్వాతే అసలు గీత చూపించండి. తన గీత పక్కన అసలు గీత పెట్టి చూసుకున్న పిల్లవాడు ఇక ఊరుకోడు.

ఒక రోజు నుంచి ఒక ఏడాదికి వెళ్లండి. అక్కడ ఒక వింత కనిపిస్తుంది. ప్రతి చలికాలం డేటా మాయం! ఎందుకు? మనవాళ్లు చెరువు ఎండిపోయిందంటారు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు అదే తోస్తుంది. అక్కడ సరస్సు గడ్డకడుతుంది, మంచు రాకముందే బోయాను బయటికి తీసేస్తారు. డేటా లేకపోవడానికి కూడా ఒక కారణం ఉంటుందని పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది.

టైం కూడా చూసుకోవాలి. విస్కాన్సిన్‌లో వేసవి సాయంత్రం 5 అయితే మనకు మరుసటి రోజు తెల్లవారుజామున 3:30. కొన్ని ఫైళ్లలో టైం అక్కడి గడియారం ప్రకారం కాకుండా గ్రీనిచ్ (ప్రపంచ ప్రామాణిక) లెక్కలో ఉంటుంది. అది చూసుకోకపోతే ఆక్సిజన్ అర్ధరాత్రి పెరిగినట్టు కనిపిస్తుంది, నాచు చీకట్లో పని చేస్తోందని పిల్లలు రాసేస్తారు.

(తెర మీద: లోతుల వారీగా ఉష్ణోగ్రత)

వీడియో పెద్దదైపోతోంది, కాస్త వేగంగా చెబుతాను. నీళ్లు పొరలుగా విడిపోవడం. వేడెక్కిన నీళ్లు తేలికై పైన ఉంటాయి, చల్లనివి కింద ఉండిపోతాయి. 4 డిగ్రీల నుంచి 5కి పెరిగితే ఘనమీటరు నీళ్ల బరువు 8 గ్రాములే తగ్గుతుంది. 29 నుంచి 30కి పెరిగితే దాదాపు 300 గ్రాములు తగ్గుతుంది. అంటే మన వేసవిలో పైకీ కిందకీ ఒకటి రెండు డిగ్రీల తేడా ఉన్నా పొరలు విడిపోవచ్చు. గాలి లేని మధ్యాహ్నం కింది పొరకు ఆక్సిజన్ అందదు. సీసా ముంచేది పైపొరలో కాబట్టి ఆ సంగతి మనకు తెలియదు.

ఏళ్ల డేటాలో పోలిక చేసేటప్పుడు జూన్‌ను జూన్‌తోనే పోల్చండి. ఒక్క ఏడాది వానలు చూసి "చెరువు మారిపోయింది" అనొద్దు. "కాపురం చేసే కళ కాలు తొక్కేనాడే తెలుస్తుంది" అన్న సామెత చెరువు దగ్గర అస్సలు పనిచేయదు.

సెన్సర్ మాట కూడా గుడ్డిగా నమ్మకూడదు. దాని మీద పాచి పడుతుంది, అంకెలు మెల్లగా పక్కకు జరుగుతాయి. తుడిచిన రోజు గీత ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ ఎగురు చెరువుది కాదు, గుడ్డముక్కది. మైనస్ 9999 కనిపిస్తే అది కొలత కాదు, "డేటా లేదు" అన్న గుర్తు. సగటు తీసేముందు దాన్ని తీసేయండి.

మన చెరువుకు బోయా అక్కర్లేదు. కొన్ని వందల రూపాయలకు టీడీఎస్ పెన్ను, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపే చిన్న పరికరం, దొరుకుతుంది. బుక్కరాయసముద్రం చెరువో, మీ ఊరి చెరువో, కట్ట మెట్ల దగ్గర ఒకే చోట, వారానికోసారి, ఒకే టైముకు ముంచండి. పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ఎండాకాలం నీళ్లు ఆవిరై ఉప్పులు చిక్కబడతాయి, అంకె ఎక్కుతుంది. వానకో, కాలువ నీళ్లకో చెరువు నిండితే దిగుతుంది. మరువ పారిన రోజు, అంటే చెరువు నిండి నీళ్లు బయటికి పొర్లిన రోజు, తేదీ పక్కన రాయండి. నెలకోసారి మాత్రం తెల్లవారకముందు వెళ్లి ఆక్సిజన్ కిట్‌తో చూడండి. రాసే నోట్‌బుక్ బడిలోనే ఉంచి తర్వాతి బ్యాచ్‌కు అప్పగించండి.

మెండోటా డేటా దించుకునేటప్పుడు నిమిషానికోసారి కొలిచిన ఫైలు తీసుకోకండి. ఆరు నెలలకే రెండున్నర లక్షల వరుసలు దాటుతాయి, బడి కంప్యూటర్ మొరాయిస్తుంది. గంటల ఫైలు తీసుకోండి, ముందు ఒక్క జూలై నెల మాత్రం తెరవండి.