గొరిల్లాకు గజ్జి, ఊళ్లకు సైన్సు: బ్విండి అడవి అంచున ఒక పశువైద్యురాలు

సంధానకర్త: నమస్కారం. ఉగాండాలోని బ్విండి అడవిలో 1996లో పర్వత గొరిల్లాలకు గజ్జి సోకింది. వైద్యం చేసిన డాక్టర్ గ్లాడిస్ కలెమా-జికుసోకా ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లకు ఆరోగ్య విజ్ఞానం అందించే పనిలోకి దిగారు. ఆమె పని గురించి చెప్పడానికి మనతో మరో పశువైద్యురాలు, ఒక ప్రజారోగ్య నిపుణుడు ఉన్నారు. మేడం, అడవి జంతువుకు గజ్జి ఎలా వచ్చింది?

పశువైద్యురాలు: మనుషుల నుంచేనండి. గొరిల్లాకూ మనకూ జన్యువులు 98 శాతం పైగా ఒకటే. అవి అరటి తోటల్లోకి దిగుతాయి, దిష్టిబొమ్మకు తొడిగిన పాత చొక్కాను పట్టుకుని చూస్తాయి. గజ్జి పురుగు ఒంటి మీద నుంచి రాలినా బట్టల్లో రెండు మూడు రోజులు బతుకుతుంది. అలా అంటి ఉంటుందన్నది బలమైన అనుమానం. వెంట్రుకలు ఊడి, చర్మం పొలుసులు కట్టింది. పిల్ల గొరిల్లా చనిపోయింది. మిగతావి ఐవర్‌మెక్టిన్ అనే మందుతో కోలుకున్నాయి.

సంధానకర్త: మందు ఉందిగా! మరి ఊళ్లతో పనేంటి?

ప్రజారోగ్య నిపుణుడు: ఊళ్లో గజ్జి ఉన్నంతకాలం అడవికి మళ్లీ వస్తూనే ఉంటుంది సార్. పైగా ఐవర్‌మెక్టిన్ పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు. అందుకే మనుషులకు బరువులో కిలోకు 200 మైక్రోగ్రాముల చొప్పున ఒక డోసు వేసి, వారం నుంచి రెండు వారాల్లోపు రెండోది వేస్తారు. పదిహేను కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇది ఇవ్వరు. వాళ్లకు బదులుగా పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ రాస్తారు. గోక్కుంటున్న పిల్లాడికే మందేసి ఊరుకోవడం వల్లే వైద్యం ఎక్కువగా విఫలమవుతుంది. మొదటిసారి సోకినవాళ్లకు దురద నాలుగైదు వారాల తర్వాత గానీ తెలియదు. అందుకే ఇంటిల్లిపాదికీ ఒకే రోజు వేయాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. గుడ్లు మిగిలిపోతాయన్న కారణం అర్థమైతేనే తల్లి రెండో డోసుకు పిల్లల్ని తీసుకొస్తుంది.

పశువైద్యురాలు: గ్లాడిస్ గారి గొప్పతనం అక్కడే ఉంది. 2003లో భర్త లారెన్స్, స్టీఫెన్ రుబంగా గార్లతో కలిసి ‘కన్జర్వేషన్ త్రూ పబ్లిక్ హెల్త్’ (ప్రజారోగ్యం ద్వారా వన్యప్రాణి సంరక్షణ) అనే సంస్థను స్థాపించారు. మన ఆశా కార్యకర్తల్లా ఊరివాళ్లే వలంటీర్లు. ఇంటింటికీ వెళ్లి పరిశుభ్రత, కుటుంబ నియంత్రణ గురించి చెబుతారు. రెండు వారాలు దాటిన దగ్గు కనిపిస్తే క్షయ అనుమానంతో ఆసుపత్రికి పంపుతారు. తోటలోకి గొరిల్లా వస్తే కబురందిస్తారు. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ కూడా ఇంటి దగ్గరే అందేది. కొండదారిలో పసిబిడ్డను వీపున కట్టుకుని నడిచే ఆడవాళ్లకు అదెంత ఊరటో చెప్పలేను. జీతం ఉండదు, వలంటీర్ల బృందానికి ఉమ్మడిగా పశువుల్ని ఇచ్చారు.

సంధానకర్త: మరి గొరిల్లాల ఆరోగ్యం ఎలా చూస్తారు? పట్టుకుంటారా?

పశువైద్యురాలు: అబ్బే, అవసరం లేదు. గొరిల్లా రోజూ రాత్రికి కొత్త గూడు కట్టుకుంటుంది. పొద్దున్నే ట్రాకర్లు, అంటే జాడ పట్టి గొరిల్లాల్ని వెతికేవాళ్లు, ఆ గూళ్లలోని మలం తీస్తారు. ముద్ద వెడల్పు దాదాపు 7 సెంటీమీటర్లు దాటి, పక్కన వెండి వెంట్రుకలుంటే పెద్ద మగది. చేతికి గ్లవుజులు తప్పనిసరి. పరాన్నజీవుల పరీక్షకైతే నమూనాను పాడవకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో భద్రపరుస్తారు. ఆలస్యమైతే గుడ్లు పొదిగిపోయి, ఏ పురుగుదో చెప్పడం కష్టమవుతుంది.

సంధానకర్త: ఈ పరిశుభ్రతను మన బడిలో మొదలుపెట్టాలంటే?

ప్రజారోగ్య నిపుణుడు: తూర్పు ఆఫ్రికాలో విరివిగా వాడే టిప్పీ ట్యాప్ చేయించండి. చేతులు కడుక్కోవడానికి కాలితో పుల్లను తొక్కితే, వేలాడే క్యాను వంగి నీళ్లు పోసే ఏర్పాటు ఇది. ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాను, రెండు పంగల కర్రలు, అడ్డంగా ఒక కర్ర, తాడు, కాలితో తొక్కే పుల్ల. క్యాను మూతకు కాస్త కింద, కాల్చిన మేకుతో ఒకే చిన్న కన్నం పెట్టాలి. కన్నం పెద్దదైతే పదిమంది కడుక్కునేలోపే నీళ్లైపోతాయి. పుల్లకు కట్టిన తాడు మరీ పొడవై పుల్ల నేలకు తగిలితే క్యాను వంగదు. కింద గులకరాళ్లు పరవకపోతే బురదై, పిల్లలు అటు రావడమే మానేస్తారు. సబ్బుకు కన్నం పెట్టి తాడుతో వేలాడదీసి, పైన డబ్బా మూత బోర్లించండి, వానకు కరిగిపోకుండా. కర్రలకు చెదలు పడుతుంది, తరచూ చూసి మార్చుకోవాలి. నీళ్లు నింపే వంతు మాత్రం ఆడపిల్లలకే వదిలేయకండి. మగపిల్లలకూ సమానంగా వేయండి.