బుల్లెట్ ఎంత లోతుకు దిగుతుందో పెట్టె మీద అంకె చెప్పదు

యాంకర్: నమస్కారం. వేటలో బుల్లెట్ జంతువు ఒంట్లో ఎంత లోతుకు దిగుతుంది, దాన్ని ఏది నిర్ణయిస్తుంది అన్నది ఈ రోజు చర్చ. ఎనర్జీ, అంటే గతిశక్తి ముఖ్యమని కొందరు, మొమెంటం, అంటే బరువును వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం ముఖ్యమని ఇంకొందరు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. మనతో ఫిజిక్స్ అధ్యాపకుడు ఒకరు, బుల్లెట్ల డిజైన్‌లో పనిచేసిన ఇంజనీర్ ఒకరు, వన్యప్రాణుల గాయాలను చూసే పశువైద్యురాలు ఒకరు ఉన్నారు. మాస్టారూ, మీతోనే మొదలుపెడదాం. ఎవరి వాదన నిజం?

అధ్యాపకుడు: ఎవరిదీ పూర్తిగా నిజం కాదండీ. పాత .45-70 తూటానే తీసుకోండి. బుల్లెట్ బరువు 405 గ్రెయిన్లు, అంటే 26 గ్రాములు. వేగం సెకనుకు దాదాపు 405 మీటర్లు. .22-250 అనే ఇంకో తూటాలో బుల్లెట్ బరువు మూడున్నర గ్రాములే, కానీ వేగం 1,120 మీటర్లు. గతిశక్తి లెక్కేస్తే రెండూ 2,200 జౌళ్లకు అటూ ఇటూగా వస్తాయి. ద్రవ్యవేగం మాత్రం, కిలోలు, మీటర్లు, సెకన్లలో లెక్కిస్తే, మొదటిదానికి 10.6, రెండోదానికి 4. రెండున్నర రెట్ల పైగా తేడా. పెద్ద జంతువు భుజం ఎముక మీద ఈ రెండూ ఒకేలా పనిచేస్తాయని వేట తెలిసినవాళ్లెవరూ అనరు.

యాంకర్: అంటే మొమెంటం వాళ్లు గెలిచినట్టేగా?

అధ్యాపకుడు: అప్పుడే కాదు. స్కాట్లాండ్‌కి చెందిన వేటగాడు బెల్ ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో చాలా వాటికి వాడింది 7×57 మౌజర్ తూటా, బుల్లెట్ 173 గ్రెయిన్లు. వేగం 700 మీటర్లు అనుకుంటే ద్రవ్యవేగం 8 కూడా రాదు. .45-70 కన్నా తక్కువ. అయినా ఏనుగు పుర్రెను చీల్చుకుని మెదడు దాకా వెళ్లేది. మెత్తని సీసపు .45-70 బుల్లెట్ ఆ పని చేస్తుందని ఎవరూ నమ్మకం పెట్టుకోరు. ఆ జంతువుల విషయంలో నాకు బాధే, కానీ లెక్కకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

యాంకర్: మరి ఆ చిన్న బుల్లెట్‌లో ఉన్న ప్రత్యేకత ఏంటి?

అధ్యాపకుడు: సన్నగా, పొడవుగా, గట్టిగా ఉండటం. బరువును వ్యాసం వర్గంతో భాగిస్తే వచ్చేదాన్ని సెక్షనల్ డెన్సిటీ అంటాం. పౌండ్లు, అంగుళాల్లో లెక్కిస్తే బెల్ వాడినదానికి 0.306, .45-70కి 0.276. కండలో దూసుకెళ్లే బుల్లెట్‌ను ఆపే బలం ప్రధానంగా రెండిటి మీద ఆధారపడుతుంది: ముందుభాగం వైశాల్యం, వేగం వర్గం. ఎంత వేగంగా వెళ్తే అంత గట్టిగా అడ్డు తగులుతుంది. అందుకే వేగం పెంచితే లోతు అదే నిష్పత్తిలో పెరగదు, లాగరిథమ్ ప్రకారం నెమ్మదిగా పెరుగుతుంది. సుమారు లెక్క చెప్తాను. 800 మీటర్ల వేగంతో తగిలిన బుల్లెట్, 100కి తగ్గాక ఆగిపోతుందనుకోండి. తగిలే వేగాన్ని 1,600 చేస్తే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది, లోతు మాత్రం మూడో వంతే పెరుగుతుంది. అదే వైశాల్యంతో బరువు రెట్టింపు చేస్తే లోతు కూడా రెట్టింపవుతుంది.

ఇంజనీర్: ఒక్క మాట, మాస్టారూ. ఆ లెక్క బుల్లెట్ ఆకారం మారనంత వరకే. వేటలో వాడే బుల్లెట్ మారడానికే తయారవుతుంది.

అధ్యాపకుడు: నిజమే. అసలు విషయం అక్కడే ఉంది.

ఇంజనీర్: సాఫ్ట్ పాయింట్ బుల్లెట్, అంటే మొన దగ్గర మెత్తని సీసం బయటికి ఉండేది, తగలగానే ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు. అంటే పెట్టె మీద ఉన్న సెక్షనల్ డెన్సిటీ క్షణంలో నాలుగో వంతుకు పడిపోతుంది. ముక్కలు రాలి బరువు కూడా తగ్గితే ఇంకా తక్కువ. కాబట్టి నేను చూసేది తగిలే ముందు అంకె కాదు, విచ్చుకున్నాక మిగిలిన బరువు, మిగిలిన వ్యాసం. దీనివల్ల కొత్తవాళ్లకు నమ్మబుద్ధి కాని సంగతి ఒకటుంది. మామూలు సాఫ్ట్ పాయింట్‌తో 30 మీటర్ల నుంచి కొడితే లోతు తక్కువ, 200 మీటర్ల నుంచి కొడితే ఎక్కువ, ఇలా చాలాసార్లు జరుగుతుంది. దగ్గర్లో వేగం ఎక్కువ కాబట్టి బుల్లెట్ అతిగా విచ్చుకుంటుంది, కొన్నిసార్లు చిట్లిపోతుంది.

యాంకర్: దగ్గర్నుంచి కొడితే లోతు తక్కువా!

ఇంజనీర్: అవునండీ. 1946లో జాన్ నాస్లర్‌కు ఎదురైన సమస్య ఇలాంటిదే. కెనడాలో మూస్ అనే భారీ జింక వేటలో ఆయన .300 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ అనే వేగమైన తూటా వాడాడు. బురద గడ్డకట్టిన భుజం మీద బుల్లెట్లు పైపైనే చిట్లిపోయి లోపలికి దిగలేదు. దాంతో ఆయన బుల్లెట్ మధ్యలో రాగి గోడ పెట్టాడు. ముందు సీసం విచ్చుకుంటుంది, గోడ వెనక సీసం చెక్కుచెదరకుండా తోస్తూ వెళ్తుంది. పార్టిషన్ బుల్లెట్ అదే. తర్వాత జాకెట్‌ను, అంటే పై లోహపు తొడుగును, కోర్‌ను, అంటే లోపలి సీసాన్ని, అతికించిన బాండెడ్ రకాలు వచ్చాయి. 1989లో బార్న్స్ కంపెనీ పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ తెచ్చింది. అది దాదాపు బరువు పోగొట్టుకోదు.

పశువైద్యురాలు: నేను కాస్త వేరే వైపు నుంచి చెప్తాను. లోతు ఎందుకు కావాలో మరిచిపోయి లోతు గురించే మాట్లాడుకుంటున్నాం. ముందు ఒక అపోహ తీసేయాలి. బుల్లెట్ జంతువును తోసి పడేయదు. ద్రవ్యవేగం 10 ఉన్న బుల్లెట్ వంద కిలోల జింకలో ఆగిపోతే, జింక కదిలే వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు. అంతే. జంతువు పడేది నరాల వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు, లేదంటే రక్తం పోయి మెదడుకు ఆక్సిజన్ అందనప్పుడు. గుండె చిరిగిపోయాక కూడా కొన్ని సెకన్లు పరిగెత్తగలదు.

యాంకర్: డాక్టరు గారూ, "బుల్లెట్ లోపలే ఆగిపోవాలి, ఎనర్జీ అంతా ఒంట్లోనే దిగిపోవాలి" అంటారు చాలామంది.

పశువైద్యురాలు: నేను ఒప్పుకోను. ఎంత ఎనర్జీ దిగిందన్నది కాదు, ఏ అవయవంలో దిగిందన్నది ముఖ్యం. భుజం కండలోనే ఖర్చయిపోతే ఆ జంతువు గాయంతో పారిపోయి రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. అడ్డంగా నిలబడ్డప్పుడు ఊపిరితిత్తులు దగ్గరే. ఏటవాలుగా నిలబడితే పొట్ట, పక్కటెముకలు దాటుకుని చాలా దూరం వెళ్లాలి. రెండో వైపు బయటికి వస్తే రెండు రంధ్రాలు, నేల మీద రక్తపు జాడ, వెతికి పట్టుకోవడం సులువు.

ఇంజనీర్: బయటికి వెళ్లే బుల్లెట్ వెనక ఏముందో కూడా చూడాలి కదా డాక్టరు గారూ? గుంపులో ఇంకో జంతువు ఉండొచ్చు.

పశువైద్యురాలు: చూడాలి, నిస్సందేహంగా. వెనక ఏముందో తెలియనప్పుడు ట్రిగ్గర్ నొక్కకూడదు. దానికోసం లోతు తగ్గించుకోమంటే మాత్రం నేను ఒప్పుకోను.

యాంకర్: అంత లోతే కావాలంటే ఫుల్ మెటల్ జాకెట్, అంటే మొనతో సహా లోహపు తొడుగు కప్పిన, విచ్చుకోని బుల్లెట్ వాడేస్తే సరిపోతుందిగా?

పశువైద్యురాలు: జింకకు అది క్రూరం. సన్నని రంధ్రం చేసుకుని వెళ్లిపోతుంది. ఊపిరితిత్తులు సాగి మళ్లీ యథాస్థితికి వచ్చే కణజాలం, తగినంత చిరగదు. 1899 హేగ్ డిక్లరేషన్ యుద్ధంలో విచ్చుకునే బుల్లెట్లను నిషేధించింది. వేట చట్టాలు చాలా చోట్ల దీనికి సరిగ్గా వ్యతిరేకం, విచ్చుకునేవే వాడాలంటాయి. అమెరికాలోని కొలరాడోలో పెద్ద జంతువులకు అదే నియమం. దానితోపాటు 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల ఎనర్జీ ఉండాలి.

అధ్యాపకుడు: చట్టానికి ఏదో ఒక అంకె కావాలి కాబట్టి ఎనర్జీ పెట్టారు. కనీస హద్దుగా పర్వాలేదు, లోతుకు కొలమానంగా పనికిరాదు.

ఇంజనీర్: ఏనుగు, అడవిదున్న లాంటివాటికి విచ్చుకోని సాలిడ్ బుల్లెట్లే వాడతారు. అక్కడ ముక్కు ఆకారం ముఖ్యం. మొన తేలినది కండలో తిరగబడి దారి తప్పుతుంది. చదునైన ముక్కు ఉన్నది తిన్నగా వెళ్తుంది.

యాంకర్: చివరిగా, సీసం మానేసి రాగికి మారేవాళ్లు ఏం చూసుకోవాలి? కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటలో సీసం పూర్తిగా నిషేధం కదా.

ఇంజనీర్: రాగి బరువు పోగొట్టుకోదు కాబట్టి ఒక మెట్టు తేలికైన బుల్లెట్ తీసుకున్నా లోతు తగ్గదు. రాగి సాంద్రత సీసం కన్నా తక్కువ, అందుకే అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది. మీ బ్యారెల్ ట్విస్ట్, అంటే గొట్టం లోపలి గాడుల మెలిక, దాన్ని నిలకడగా తిప్పగలదో లేదో చూసుకోండి. ఇంకోటి, రాగి విచ్చుకోవాలంటే వేగం ఉండాలి. తయారీదారు చెప్పిన కనీస వేగం మీ రైఫిల్‌లో ఎన్ని మీటర్ల దగ్గర వస్తుందో లెక్కేసుకుని, ఆ దూరం దాటితే కాల్చకండి. అంతకు మించితే అది కూడా ఫుల్ మెటల్ జాకెట్‌లాగే సన్నని రంధ్రం చేసుకుని బయటికి పోతుంది.