వికెట్ పేజీ లోపల ఏం ఉంచాలి, ఏం ఉంచకూడదు

(తెర మీద: యూజర్ వివరాలు మార్చే పేజీ, సేవ్ బటన్)

అపాచీ వికెట్ అంటే జావాలో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్. అందులో పేజీ అంటే మామూలు జావా ఆబ్జెక్ట్. బ్రౌజర్‌కి హెచ్‌టీఎంఎల్ వెళ్లిపోయినంత మాత్రాన దాని పని అయిపోదు. యూజర్ సేవ్ నొక్కితే అదే పేజీ, వదిలేసిన స్థితిలోనే, మళ్లీ జవాబివ్వాలి కదా.

అందుకే రిక్వెస్ట్ ముగిశాక వికెట్ ఆ పేజీని, అందులోని బటన్లు, ఫారాల లాంటి కాంపోనెంట్లన్నిటితో సహా సీరియలైజ్ చేసి, అంటే బైట్లుగా మార్చి, డిస్క్ మీద దాస్తుంది. బ్యాక్ బటన్ నొక్కితే పాత వెర్షన్ అక్కడి నుంచే వస్తుంది. ఒక్కో సెషన్‌కి డిఫాల్ట్‌గా 10 మెగాబైట్ల చోటే ఉంటుంది. పేజీలు బరువెక్కితే అది త్వరగా నిండి పాత పేజీలు పోతాయి.

(తెర మీద: యూజర్ నుంచి ఆర్డర్లకు, ఆర్డర్ల నుంచి వస్తువులకు బాణాలు)

పేజీలో యూజర్ ఆబ్జెక్ట్‌ని ఫీల్డ్‌గా పెట్టారనుకోండి. సీరియలైజేషన్ ఆ ఒక్కదానితో ఆగదు. దానికి ఆర్డర్ల జాబితా తగిలి ఉంటే అదీ వెళ్తుంది, ఆ ఆర్డర్లలోని వస్తువులూ వెళ్తాయి. నన్నడిగితే, సైజు కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. తిరిగి వచ్చేది పాత నకలు. ఈలోగా డేటాబేస్‌లో ఎవరో ఈమెయిల్ మార్చి ఉంటే మీ పేజీకి తెలియదు. సేవ్ కొడితే కొత్త ఈమెయిల్ మీద పాతది పడిపోవచ్చు, అదీ చడీచప్పుడు లేకుండా.

కాబట్టి పేజీలో ఐడీ మాత్రం ఉంచండి. వికెట్‌లో కాంపోనెంట్‌కి డేటా అందించే ఆబ్జెక్ట్‌ని మోడల్ అంటారు. లోడబుల్ డిటాచబుల్ మోడల్ దీనికోసమే ఉంది. రిక్వెస్ట్‌లో మొదటిసారి అడిగినప్పుడు లోడ్ మెథడ్ డేటాబేస్ నుంచి యూజర్‌ని తెస్తుంది, ఆ రిక్వెస్ట్ అయ్యేదాకా దాన్నే వాడుతుంది, చివర్లో డిటాచ్ అయి వదిలేస్తుంది. డిస్క్ మీదకు వెళ్లేది ఐడీ ఒక్కటే.

(తెర మీద: రెండు లాంబ్డాలు పక్కపక్కన, రెండో దానిలో యూజర్ అనే పేరు ఎరుపులో)

ఇక్కడ కాస్త ఆగి చూడండి. యూజర్‌ని ఎలా తేవాలో ఆ మోడల్‌కి చెప్పే లాంబ్డాలు, అంటే పేరు లేని చిన్న ఫంక్షన్లు, ఇవి. రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. మొదటిది ఐడీ అనే లోకల్ వేరియబుల్‌ని వాడుతోంది. రెండోది లోపల యూజర్ డాట్ గెట్ ఐడీ అంటోంది. అంటే లాంబ్డా మొత్తం యూజర్‌నే పట్టుకుంది, సీరియలైజేషన్‌లో అదంతా వెళ్తుంది. డిటాచబుల్ మోడల్ వాడామన్న ధైర్యంలో దీన్ని గమనించకపోవడం చాలా తేలిక. ఐడీని ముందే బయట ఒక వేరియబుల్‌లోకి తీసుకుని అదే లాంబ్డాకి ఇవ్వండి. అనానిమస్ క్లాస్ అయితే ఇంకా జాగ్రత్త, అది చుట్టూ ఉన్న క్లాస్‌ని కూడా పట్టుకోగలదు.

డేటాబేస్ పని లాంటివి చేసే సర్వీస్ క్లాసుల్ని ఫీల్డ్‌గా పెడితే సాధారణంగా నాట్ సీరియలైజబుల్ ఎక్సెప్షన్ వస్తుంది. టెన్షన్ పడకండి, ఏ ఫీల్డ్ దారిలో ఆగిందో వికెట్ లాగ్‌లో చూపిస్తుంది. ట్రాన్సియెంట్ అని, అంటే ఈ ఫీల్డ్‌ని సీరియలైజ్ చేయొద్దని, రాసి ఊరుకుంటే మాత్రం డిస్క్ నుంచి తిరిగొచ్చాక అక్కడ నల్ ఉంటుంది. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ కూడా వాడుతుంటే స్ప్రింగ్ బీన్ అనే యానొటేషన్ పెట్టండి, సర్వీస్ బదులు దాని తరఫున నిలబడే చిన్న ప్రాక్సీ ఆబ్జెక్ట్ సీరియలైజ్ అవుతుంది.

కాంపోనెంట్‌కి ఇచ్చిన డిఫాల్ట్ మోడల్‌ని వికెట్ తనే డిటాచ్ చేస్తుంది. మీరు సొంత ఫీల్డ్‌లో దాచుకున్న మోడల్‌ని మాత్రం ఆన్ డిటాచ్ మెథడ్‌లో మీరే డిటాచ్ చేయాలి.

(తెర మీద: డీబగ్ బార్)

వికెట్ డెవ్‌యూటిల్స్ అనే డెవలపర్ల మాడ్యూల్‌లోని డీబగ్ బార్ పేజీ సైజు చూపిస్తుంది. మీ ప్రాజెక్ట్‌లో అన్నిటికంటే బరువైన పేజీ తెరిచి, ముందు దానిలోని లాంబ్డాలు చూడండి.