నీళ్లలో నిలబడి వాడిపోయే మొక్క

అందరికీ నమస్కారం.

మట్టి లేని సాగు గురించి మాట్లాడమంటే సాధారణంగా పోషకాల దగ్గర మొదలుపెడతారు. నేను మొక్క వేళ్లు మునిగి ఉండే తొట్టిలోని నీటి దగ్గర మొదలుపెడతాను. ఈసీ (నీటిలో పోషకాల గాఢత కొలత) సరిగ్గా ఉంది, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార కొలత) సరిగ్గా ఉంది, అయినా మొక్క తేరుకోవడం లేదని మీలో ఎంతమంది తల పట్టుకున్నారో నాకు తెలుసు.

ఒక వేసవి రాత్రి మా దగ్గర కరెంటు పోయి పంపులు ఆగిపోయాయి. తెల్లవారి వెళ్లి చూస్తే లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర ఆకులన్నీ తొట్టి మూత మీదికి వాలిపోయి ఉన్నాయి. ఒక మొక్కను కుండీతో సహా పైకి ఎత్తాను. వేళ్ల గుత్తి పైపైన తెల్లగానే ఉంది. చేతివేళ్లతో విడదీసి చూస్తే నడిమి భాగం గోధుమరంగుకు తిరిగి, మురుగు వాసన వేస్తోంది. నీళ్లు మాత్రం అంచు దాకా ఉన్నాయి. నిండా నీళ్లలో ఉన్న మొక్క ఎందుకు వాడిపోయింది? ఈ రోజు నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. ఆకుల నుంచి దిగివచ్చిన చక్కెరను ఆక్సిజన్ సాయంతో ఖర్చు చేసి శక్తి సంపాదించుకుంటుంది. నైట్రేటును, పొటాషియాన్ని లోపలికి లాక్కునేది ఆ శక్తితోనే. ఆక్సిజన్ అందకపోతే పోషకాలు ఆగడమే కాదు, వేరు కణాల పొరల్లో నీరు సాగే సన్నని దారులు కూడా మూసుకుపోతాయి. అందుకే చుట్టూ నీళ్లున్నా ఆకుకు చుక్క చేరదు.

ఇప్పుడు నీటిలో ఉన్న నిల్వ ఎంతో చూద్దాం. 25 డిగ్రీల దగ్గర మంచినీరు గాలి నుంచి లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మాత్రమే కరిగించుకోగలదు. అంటే 100 లీటర్ల తొట్టిలో ఒక గ్రాము కూడా ఉండదు. అంత ఆక్సిజన్ మామూలు గాలిలో మూడు లీటర్లలోనే దొరుకుతుంది! ఇంత చిన్న నిల్వ మీద ఇరవై ముప్ఫై మొక్కల వేళ్లు బతకాలి. కాబట్టి తొట్టిని గిడ్డంగి అనుకోకండి. వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోయే చోటు అది.

ఎండాకాలం రెండు వైపులా దెబ్బ తీస్తుంది. 20 డిగ్రీల నీరు 9.1 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 డిగ్రీల నీరు 7.6 దగ్గర ఆగిపోతుంది. అదే సమయంలో వేరు శ్వాస దాదాపు రెట్టింపవుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన ఆ సమయంలోనే నీటిలో ఈదుకుంటూ వచ్చే పిథియం అనే వేరుకుళ్లు తెగులు బీజాలు నీరసించిన వేరును పట్టుకుంటాయి. వేరుకుళ్లుకు మందు వెతికే ముందు నీటిలో థర్మామీటరు ముంచి చూడండి. తొట్టికి నీడ కల్పించండి, వెలుతురు లోపలికి పోకుండా కప్పండి. వెలుతురు పడితే నాచు పడుతుంది, ఆ నాచు రాత్రిపూట మీ మొక్కల ఆక్సిజన్‌నే వాడుకుంటుంది.

ఇక ఎయిర్ పంపు నీటిలోకి వదిలే బుడగల సంగతి. బుడగలు గలగలమంటుంటే పని జరిగిపోతోందనిపిస్తుంది. లోతు తక్కువ తొట్టిలో బుడగ ఒకటి రెండు క్షణాల్లో పైకి వచ్చి పగిలిపోతుంది. అందుకే బుడగ ఎంత సన్నగా ఉంటే అంత మేలు. సెంటీమీటరు బుడగలకు బదులు అదే గాలిని మిల్లీమీటరు బుడగలుగా పంపితే గాలి నీటిని తాకే వైశాల్యం పదింతలవుతుంది, పైగా అవి నెమ్మదిగా లేస్తాయి. అయితే నా దృష్టిలో బుడగ చేసే గొప్ప పని వేరే ఉంది. అడుగునున్న నీటిని తనతో పైకి తెచ్చి, పైపొరను చెదరగొడుతుంది. ఆక్సిజన్‌లో చాలా భాగం లోపలికి వచ్చేది ఆ కదిలే పైపొర నుంచే.

గాలి పట్టించడం ఒక పని, నీటిని తిప్పడం మరో పని. నిలిచిన నీటిలో ఆక్సిజన్ తనంతట తాను ప్రయాణించే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. వేళ్ల గుత్తి నడుమకు అది చేరాలంటే నీరే మోసుకుపోవాలి. మొక్కలు పెట్టకముందే తొట్టిలో మామూలు నీళ్లు నింపి, పంపు నడిపి, ఒక మూల నాలుగు చుక్కల రంగు వేసి చూడండి. రంగు ఎక్కడ కదలకుండా నిలిచిపోతుందో అక్కడే రేపు మీ మొక్క కుళ్లుతుంది. నీరు పీల్చే చోటుకు ఎదురుమూలలో, ఆ నీరు తిరిగి తొట్టిలోకి వచ్చే గొట్టం పెట్టండి. దాని మూతి నీటిలో ముంచకుండా జానెడు ఎత్తు నుంచి పడనివ్వండి. ఆ ధార పైసా ఖర్చు లేకుండా గాలిని కలుపుతుంది.

కొన్ని చిన్న విషయాలు. ఎయిర్ పంపును నీటిమట్టానికి పైనే పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీరు గొట్టం గుండా వెనక్కి పంపులోకి దిగుతుంది. అది పీల్చే గాలి చల్లటి చోటి నుంచి రావాలి. నీటిలో మునిగి ఉండే పంపు తన వేడిని ఆ నీటికే ఇస్తుందని గుర్తుంచుకోండి. గాలి కొట్టడం మొదలుపెట్టాక నీటిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ కాస్త పెరగవచ్చు, కొలత ఆ తర్వాతే తీయండి.

పంపే లేకుండా పండించే క్రాట్కీ పద్ధతి ఉంది కదా అని అడుగుతారు. ఉంది. అందులో నీరు తగ్గేకొద్దీ పైవేళ్లు తేమగాలిలో ఊపిరి తీసుకుంటాయి. జాలిపడి తొట్టిని మళ్లీ అంచు దాకా నింపితే ఆ గాలివేళ్లు మునిగి మొక్క దెబ్బతింటుంది.

కరెంటు పోయినప్పుడు నేను ఇప్పుడు చేసేది ఇదే. ముందు తొట్టిలో నీటిని నాలుగు చేతివేళ్ల మందం తీసేసి పైవేళ్లకు గాలి తగలనిస్తాను. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు తగిలిస్తాను. అది కూడా లేని ఒక రోజు మగ్గుతో నీరు తోడి, ఎత్తు నుంచి అదే తొట్టిలో పోస్తూ కూర్చున్నాను. మూడు గంటలు పోశాను, ఆ మొక్కలు నిలబడ్డాయి.