తిక్కన గారి ఊళ్లో రెండో భాగం ముచ్చట

పెద్దలకు నమస్కారం. పిల్లలకు శుభాకాంక్షలు.

సినిమా తెర మీదికి రాకముందే దాని స్క్రిప్టు గురించి మాట్లాడుకుందామని నెల్లూరులో ఇంతమంది వచ్చి కూర్చున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. ట్రైలర్ ఎప్పుడు, పాట ఎప్పుడు అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కథ ఎలా రాస్తున్నారో ఏమో అని బెంగ పెట్టుకునే అభిమానులు అంత ఎక్కువ ఉండరు. నేను సినిమావాణ్ణి కాను. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. కానీ ‘కల్కి 2898 ఏడీ’ మొదటి భాగాన్ని థియేటర్లో మూడుసార్లు చూశాను. రెండో భాగం కోసం మీలాగే ఎదురు చూస్తున్నాను. నా ఆశ, నా టెన్షన్ రెండూ మీ ముందు పెడతాను.

ముందు మన ఊరి సంగతి. తెలుగులో రెండో భాగం ఎలా రాయాలో నేర్పినవాడు ఈ ఊరివాడే. నన్నయ గారు భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో వదిలి వెళ్లిపోయారు. రెండు వందల ఏళ్ల తర్వాత ఇక్కడ, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా పదిహేను పర్వాలు రాశారు. మధ్యలో మిగిలిపోయిన అరణ్యపర్వం ముక్కను ఎవరు పూరించారు? ప్రకాశం జిల్లావాళ్లు చెప్పాలి. ఎర్రన! అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి. ఆయన ఆ ముక్కను నన్నయలా మొదలుపెట్టి తిక్కనలా ముగించాడని పండితులు అంటారు. మా తెలుగు మాస్టారు ఈ మాట చెప్పినప్పుడు నాకు అందులో గొప్ప ఏముందో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది. వెనక ఉన్నవాడి గొంతూ, ముందు రాబోయేవాడి గొంతూ రెండూ చెవిలో పెట్టుకుని, మధ్యలో అతుకు కనపడకుండా రాయడం. రెండో భాగం రాసే వాళ్లందరి ముందూ ఉండే పని అదే.

‘కల్కి’కి ఇది ఊరికే పోలిక కాదు. ఆ సినిమా కథ మొదలయ్యేదే భారతంలో. కురుక్షేత్రం ముగిశాక అశ్వత్థామ ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేస్తాడు, కృష్ణుడు శపిస్తాడు. మనకు తెలుగులో ఆ సౌప్తికపర్వం అందించింది తిక్కన గారే. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని మన పంచాంగాల లెక్క. దానికి 2898 కలిపితే ఆరు వేలు. అంటే సినిమా పేరులో ఉన్న అంకె కూడా కురుక్షేత్రం నుంచి కొలిచిన దూరమే.

ఇప్పుడు ఇంకో మనవాడి దగ్గరికి వస్తాను. సింగీతం శ్రీనివాసరావు గారు మన జిల్లాలో పుట్టినవారు. 1991 జులై 18న ‘ఆదిత్య 369’ విడుదలైంది. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మా మేనమామ నన్ను పామూరు నుంచి బస్సులో నెల్లూరు తీసుకొచ్చి ఆ సినిమా చూపించాడు. తిరుగు ప్రయాణంలో బస్సు కదలగానే నిద్రపోయే నేను, ఆ రాత్రి ఇంటిదాకా ఆయన్ను ప్రశ్నలతో చంపేశాను. ఆ సినిమాకు సమర్పకులు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు, తిప్పరాజువారి వీధి బాలు గారు. తీసింది మనవాడు, వెనక నిలబడింది మనవాడు. తెలుగులో సైన్స్ ఫిక్షన్ గురించి నెల్లూరులో మాట్లాడటానికి మనకు ఆ మాత్రం హక్కు ఉంది.

పెద్దయ్యాక ఆ సినిమాను స్క్రిప్టు కోసం మళ్లీ మళ్లీ చూశాను. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రింటుతో మళ్లీ విడుదలైనప్పుడు మా అబ్బాయిని తీసుకెళ్లాను. గ్రాఫిక్స్ ఇప్పటిలా లేని కాలంలో తీసిన సినిమా. టైమ్ మెషీన్‌ను చూస్తే ఈనాటి పిల్లలకు బొమ్మలా ఉంటుంది. అయినా మా వాడు కదలకుండా చూశాడు. ఎందుకు? కథలో ఒక వజ్రం ఉంది. అది రాయల కాలానిది, ఇప్పుడు మ్యూజియంలో ఉంది, దాన్ని కాజేయాలని ఒకడు చూస్తున్నాడు. మనం 1526లోకి వెళ్లినా దారి తప్పం, ఎందుకంటే చేతిలో ఆ దారం ఉంది. ఇంకొకటి, ఆ మెషీన్‌లో హీరోతో పాటు ఒక కానిస్టేబుల్ కూడా ఇరుక్కుపోతాడు. రాయల కొలువును, రాబోయే శతాబ్దాలను మామూలు మనిషి బిత్తరపోతూ చూస్తుంటాడు. ఆ కానిస్టేబుల్ మనమే.

అదే సింగీతం గారు, తొంభైకి దగ్గరపడిన వయసులో, నాగ్ అశ్విన్ గారు తీసిన ఈ ‘కల్కి’ స్క్రిప్టుకు మార్గదర్శిగా చేరారు. 2024 జూన్ 27న మొదటి భాగం వచ్చింది. నేను మొదటిసారి చూసినప్పుడు బండ్లు, యుద్ధాలు, కాశీ నగరం, పైన వేలాడే కాంప్లెక్స్ చూసి కళ్లు తిరిగాయి. రెండోసారి దారం కోసం వెతికాను. దొరికింది. ఇక్కడి దారం వజ్రం కాదు, గర్భం. అప్పుడు ఒక తల్లి కడుపులోని బిడ్డ మీద అస్త్రం వేసినవాడు, ఆరు వేల ఏళ్ల తర్వాత ఇంకో తల్లి కడుపులోని బిడ్డకు కాపలా కాస్తున్నాడు. ఉత్తర నుంచి సుమతి దాకా. ఎనిమిది అడుగుల అశ్వత్థామ ఆ అమ్మాయి ముందు తల వంచి నిలబడినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మంచి దారం ఈమధ్య ఏ భారీ సినిమాలోనూ నేను చూడలేదు. మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

అందుకే నాకు టెన్షన్. మొదటి భాగం చివర్లో హీరో భైరవుడు కర్ణుడని తెలిసింది, హాలు ఊగిపోయింది. ఆ తర్వాత కాంప్లెక్స్‌ను ఏలే విలన్ యాస్కిన్ అర్జునుడి గాండీవం ఎత్తాడు. ఆ రోజు నుంచి అభిమానుల చర్చంతా కర్ణుడా, అశ్వత్థామా, ఇద్దరిలో ఎవరు గొప్ప, యాస్కిన్‌తో పోరు ఎలా ఉంటుంది అనే చుట్టూ తిరుగుతోంది. అదీ ఉండాలి, నాకూ కావాలి. కానీ రాసేవాళ్లు కూడా ఆ కేకలే విని, రెండో భాగాన్ని ముగ్గురు యోధుల కొట్లాటగా మార్చేస్తే ఆ తల్లి ఏమవుతుంది? ఒక మూల మంచం మీద పడుకోబెట్టి, బిడ్డ పుట్టగానే కథలోంచి పంపేస్తారేమోనని నా భయం.

ఈ భయం 2025 సెప్టెంబరులో ఇంకా పెరిగింది. సుమతిగా వేసిన దీపికా పదుకోణ్ గారు రెండో భాగంలో ఉండరని నిర్మాణ సంస్థ ప్రకటించింది. కారణాల జోలికి నేను వెళ్లను, అది వాళ్ల వ్యవహారం. నా మాట స్క్రిప్టు గురించే. నటి మారినప్పుడు రాసేవాళ్లకు సులువుగా తోచే దారి ఆ పాత్రను కుదించడం. ముఖం కొత్తది కాబట్టి సీన్లు తగ్గిద్దాం అనుకుంటారు. దయచేసి అలా చేయవద్దు. కొత్త నటి వస్తే మనం పది నిమిషాల్లో అలవాటు పడతాం. నాటకాలు చూసిన జనం మనం. ఒకే రాత్రి పద్యనాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు మారుతుంటే ఎవరూ లేచి వెళ్లేవారు కాదు. వేషం మారినా పాత్ర అదే అని పల్లెల్లో అందరికీ తెలుసు. సుమతి పాత్ర పెరగాలి. ప్రయోగశాలలో నంబరుగా బతికిన మనిషి పేరు తెచ్చుకుంది, మంటల్లో నడిచింది. ఆమెకు ఏం కావాలో మొదటి భాగం చెప్పలేదు. తనకు పుట్టబోయేది దేవుడని అందరూ ఆమెకు చెబుతున్నారు. ఆమె ఏమనుకుంటోంది? ఈ ఒక్క ప్రశ్నకు రెండో భాగం జవాబు చెబితే మిగతా లోపాలు ఎన్ని ఉన్నా నేను క్షమిస్తాను.

ఇక మా క్లాసులో జరిగిన సంగతి. సినిమా వచ్చిన వారం తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, “సార్, గంగ ఎండిపోయింది కదా, మరి కాశీలో జనం నీళ్లు ఎక్కడ తాగుతారు?” అని అడిగింది. నేను కాంప్లెక్స్ సంగతి చెప్పాను, పైవాళ్లు అన్నీ లాగేసుకున్నారు అన్నాను. “అది తెలుసు సార్, కింద వాళ్లు రోజూ పొద్దున ఏం చేస్తారు? బిందె ఎక్కడ పెడతారు?” అంది. ఆ పిల్లది కనిగిరి వైపు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్ల సంగతి మీకు చెప్పనక్కరలేదు. పళ్లు పసుపు పట్టి, నడుములు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన పిల్ల. నేనూ పామూరు వాణ్ణి. మా అమ్మ ఎండాకాలం వాగులో చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కూర్చుని, గరిటెతో బిందెలోకి తోడటం చూసినవాణ్ణి. మంచినీళ్లను క్యాను లెక్కన కొనుక్కోవడం మాకు భవిష్యత్తు కాదు, చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

ఆ ప్రశ్న తర్వాత మూడోసారి సినిమాకు వెళ్లాను. ఈసారి కాశీ వీధులే చూశాను. ఎంత శ్రద్ధగా కట్టారో! కానీ కథ అక్కడ ఆగదు. భైరవుడు యూనిట్లు, అంటే అక్కడి డబ్బు, పోగేసి పైన కాంప్లెక్స్‌లోకి వెళ్లాలని చూస్తాడు, మనమూ అతనితో పాటు పరుగెత్తుతాం. ఆ వీధుల్లో బతికే ఒక్క కుటుంబం ఇంట్లోకి కూడా మనం వెళ్లలేదు. ‘ఆదిత్య’లో కానిస్టేబుల్ చేసిన పని ‘కల్కి’లో ఎవరూ చేయలేదు. రెండో భాగంలో ఒక బిందె పట్టుకున్న ఆడమనిషి కావాలి. దేవుడు పుడతాడని, కాంప్లెక్స్‌ను ఎదిరించేవాళ్లు దాక్కున్న శంభలలో వాళ్లు నమ్ముతున్నారు, సరే. కాశీలో నీళ్ల కోసం నిలబడిన మనిషి నమ్ముతోందా? ఆమెకు ఆ బిడ్డ వల్ల ఏం మారుతుంది? పైన కాంప్లెక్స్ కూలిపోవడం చూడాలని అందరం అనుకుంటున్నాం. కూలిన మర్నాడు పొద్దున కింద నీళ్లు ఎవరు పంచుతారో కూడా చూడాలని నాకుంది.

చివరగా ఒక మాట, మన తీరం నుంచే. ఉపగ్రహాలను మోసే మన రాకెట్ ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న జరిగింది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశ అదుపు తప్పింది. 317 సెకన్లకు అంతా అయిపోయి బంగాళాఖాతంలో పడింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయింది. ప్రయోగానికి ముందే కంప్యూటర్ ఆగమని చెప్పిందని, నిపుణులతో మాట్లాడి తానే ముందుకు వెళ్లమన్నానని కలాం గారు తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. పదకొండు నెలలు గడిచాక, 1980 జులై 18న, అదే రకం రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సరిగ్గా పదకొండేళ్లకు అదే తేదీన ‘ఆదిత్య 369’ వచ్చింది. ఆ తేదీ నాకు అందుకే మరిచిపోవడం చేతకాదు.

పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా నేను వాల్వు దగ్గర ఆగుతాను. స్క్రిప్టు కాగితం మీద ఉన్నప్పుడు లీకు కనిపిస్తుంది. అప్పుడు ఆపి సరిచేయడానికి ఒక పెన్ను చాలు. సెట్లు వేశాక, స్టార్లు డేట్లు ఇచ్చాక ఎవరూ ఆపలేరు. ఆలస్యమైందని అభిమానులు తిడుతున్నారు, నాకు తెలుసు. మీలో కొందరు నన్ను కూడా తిట్టారు, “ఎంతకాలం రాస్తారు సార్” అని. రాయనివ్వండి. ఎర్రన పూరించేదాకా తెలుగు భారతం మధ్యలో ఖాళీ ఉంది, జనం ఎదురు చూశారు. మనం ఇంకొన్నాళ్లు చూడలేమా?

వచ్చిన రోజు మాత్రం మనం ఇళ్ల దగ్గర ఉండకూడదు. సూళ్లూరుపేటలో వంద అడుగులు దాటిన వెడల్పున్న తెర ఉంది, రాకెట్లు లేచే చోటికి దగ్గర్లోనే ఉంది. అందరం ఒక బస్సు మాట్లాడుకుని వెళ్దాం. ఆ కనిగిరి అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, మూడో వరసలో కూర్చుని ఉంది. రెండో భాగం మొదటి సీను తనే రాసుకొచ్చింది. నేను ఇంకా చదవలేదు. రా అమ్మా, మైకు నీకిస్తున్నాను.